సంతకం పెట్టేముందు లీజు చదువు

అల్లుడూ,

ఇర్వింగ్‌లో చూసిన షాపు ఫొటోలు అత్తయ్యా నేనూ చూశాం, బాగుంది. కానీ నిన్న అరగంట మాట్లాడితే షెల్ఫుల గురించీ ఫ్రీజర్ల గురించే చెప్పావు, లీజు ఊసే ఎత్తలేదు. నాకు అదే టెన్షన్.

వాల్‌మార్ట్ పెట్టిన శామ్ వాల్టన్ మొదటి దెబ్బ అక్కడే తిన్నాడు. 1945లో సొంతంగా దాచుకున్న 5,000 డాలర్లకు మామగారి దగ్గర తెచ్చిన 20,000 అప్పు కలిపి ఆర్కాన్సా రాష్ట్రంలోని న్యూపోర్ట్ అనే చిన్న ఊళ్లో షాపు కొన్నాడు. అంతకుముందు ఏడాదికి 72,000 అమ్మిన షాపు అది, అయిదేళ్లలో రెండున్నర లక్షలకు తెచ్చాడు. ఆడవాళ్ల లోదుస్తులు డజను రెండున్నర డాలర్లకు వస్తుంటే, న్యూయార్క్‌లో రెండు డాలర్లకే ఇచ్చేవాణ్ణి వెతికి పట్టుకుని, డాలరుకు మూడు అమ్మేచోట నాలుగు ఇచ్చాడు. ఒక్కోదాని మీద లాభం తగ్గినా సరుకు ఇట్టే అయిపోయేది.

అంత కష్టపడ్డాక లీజు గడువు తీరింది. బిల్డింగ్ ఓనరు, నడుస్తున్న షాపు తన కొడుక్కి కావాలని, ఇక లీజు ఇవ్వనన్నాడు. పొడిగించుకునే హక్కు కాగితంలో రాసి లేదు, సంతకం పెట్టినప్పుడు ఇతను చూసుకోలేదు. అద్దె కూడా అమ్మకాల్లో 5 శాతం, ఆ వ్యాపారంలో అంత ఎవరూ కట్టరని తర్వాత తెలిసింది. భార్యనీ నలుగురు పిల్లల్నీ తీసుకుని ఊరు వదిలాడు. 1950లో అదే రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో మళ్లీ మొదలుపెట్టేటప్పుడు మాత్రం, షాపు పెద్దది చేయడానికి పక్క గదిని 99 ఏళ్ల లీజుకు రాయించుకున్నాడు. మొదటి వాల్‌మార్ట్ తెరిచింది ఆ తర్వాత 12 ఏళ్లకు, 1962లో, అప్పుడతనికి 44.

నాకూ ఆ దెబ్బ తెలుసురా. నా మొదటి షాపు లీజు అయిపోయినప్పుడు నేను డబ్బు పోసి కట్టించిన వాకిన్ కూలర్‌ని, అదే, లోపలికి నడిచి వెళ్లే ఫ్రిజ్ గదిని, గోడకు బిగించి ఉంది కాబట్టి బిల్డింగ్‌దే అన్నారు, కాగితంలో అలాగే ఉంది. ఖాళీ పెట్టెలు కారులో వేసుకుని వచ్చేశాను. ఆ రాత్రి అత్తయ్య అన్నం తినలేదు.

కాబట్టి పొడిగింపు ఎన్నిసార్లో, అప్పటి అద్దె ఎంతో ఇప్పుడే రాయించు. పొడిగించాలంటే ఎన్ని నెలల ముందు ఉత్తరం ఇవ్వాలో చూడు, ఆ తేదీ దాటితే హక్కు పోతుంది. అదే ప్లాజాలో ఇంకో ఇండియన్ కిరాణాకి ఇవ్వకూడదని అడుగు. అద్దె కాక బిల్డింగ్ టాక్సు, ఇన్సూరెన్సు, మెయింటెనెన్సు నీ నెత్తిన ఎంత పడతాయో పోయినేడు లెక్కలు చూపించమను. లాయరు ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

కాపీ ఈ రాత్రే పంపు. ఆదివారం నేను వస్తాను, ఇద్దరం కూర్చుని పేజీ పేజీ చదువుదాం, అప్పటిదాకా అడ్వాన్సు మాత్రం ఇవ్వకు.

మామయ్య