కొత్త ఎంజీ రూపం గురించి మాట్లాడే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమం. వచ్చే నెల మొదటి ఆదివారం మీ క్లబ్బువారు, బ్రిటన్‌లో పుట్టిన ఎంజీ స్పోర్ట్స్ కార్లలో పాతవాటి పక్కన, అదే పేరుతో వచ్చి బ్యాటరీ మీద నడిచే కొత్త సైబర్‌స్టర్‌ను నిలిపి, దాని రూపం ఆ పేరుకు తగినదేనా అని చర్చ పెట్టుకున్నారనీ, సభ్యులలో చిన్నవాడివి కనుక మొదట నిన్నే మాట్లాడమన్నారనీ రాశావు. అక్కడ ఏమనాలో నీ కళ్లే నీకు చెప్పాలి. ఆ కళ్లతో ఎలా చూడాలో, చూసినదాన్ని నలుగురి ముందు ఎలా నిలబెట్టాలో మాత్రం, ఈ బ్రిటన్‌లో ముప్పై ఏళ్లకు పైగా కారు రేకులు ఒత్తే డైల (ఉక్కు అచ్చుల) మధ్య పనిచేసినవాడిగా, 1972 నాటి ఎంజీబీ కారును ఇప్పటికీ నడుపుకుంటున్నవాడిగా నాకు తెలిసినంత రాస్తాను.

ఫొటో చూసి అభిప్రాయం ఏర్పరచుకోవద్దు. 1995లో ఎంజీఎఫ్ అనే కారు వచ్చినప్పుడు నేను చేసిన తప్పు అదే. పత్రికలో అచ్చయిన ఒక్క బొమ్మ చూసి, ఇంజను సీట్ల వెనక్కి పోయిందనీ, పొడవాటి బానెట్ లేని కారు ఎంజీ ఎలా అవుతుందనీ మా క్లబ్బు సమావేశంలో పావుగంట సేపు మాట్లాడాను. మూలన కూర్చున్న ఒక పెద్దాయన అంతా విని, "దాని పక్కన నిలబడి చూశారా?" అని ఒక్క ప్రశ్న అడిగారు. లేదని ఒప్పుకోవలసి వచ్చింది. కొన్ని వారాల తరువాత ఆ కారు పక్కన నిలబడినప్పుడు గాని దాని కుదురు నాకు అర్థం కాలేదు. నాలుగు చక్రాలూ మూలలకు జరిగి, ముందూ వెనకా అనవసరంగా సాగిన రేకు లేకుండా, ఎగరబోయే ముందు ఒదిగిన పిట్టలా ఉంది. కెమెరా దగ్గరగా పెట్టి తీస్తే కారు ముక్కు ఉబ్బి వెనక భాగం కుంచించుకుపోతుంది. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీస్తే ముందూ వెనకా దగ్గరపడి పొడవే తెలియదు. ఇలాంటి బొమ్మల మీద ఆధారపడి మాట్లాడితే మనం కారును కాక ఫొటో తీసినవాడి లెన్సును విమర్శించినవాళ్లమవుతాం.

కాబట్టి ఆ రోజు అందరికంటే గంట ముందే చేరుకో. ముందుగా పది అడుగుల దూరంలో కారుకు సరిగ్గా పక్కన నిలబడి, చక్రాలకూ ఒంటికీ మధ్య పొత్తు ఎలా ఉందో చూడు. తరువాత మోకాళ్ల మీద కూర్చుని, హెడ్‌లైటు ఎత్తులో కన్ను పెట్టి, ముందు రెక్క (చక్రం మీది రేకు) నుంచి వెనక రెక్క దాకా రేకు మీద వెలుగు ఎలా ప్రవహిస్తున్నదో చూడు. మా ప్రెస్ షాపులో కొత్త డై నుంచి మొదటి తలుపు రేకు రాగానే పలచని నూనె గుడ్డతో తుడిచి, వరుసగా వేలాడే ట్యూబ్ లైట్ల కింద బల్ల మీద పరిచేవాళ్లం. ఆ లైట్ల ప్రతిబింబాలు రేకు మీద తిన్నగా పోవాలి. ఎక్కడైనా ఒక గీత వంకరపోయినా, నీటిలో కదిలినట్టు వణికినా, అక్కడ కంటికి కనపడని పల్లం ఉన్నట్టే. అప్పుడు నూలు తొడుగు వేసుకున్న అరచేతిని దాని మీద నెమ్మదిగా జరిపితే, కన్ను పట్టుకోలేని చోటు కూడా చెయ్యి పట్టుకునేది. మీ మైదానంలో ట్యూబ్ లైట్లు ఉండవు గాని, ఉదయపు ఎండలో ఆకాశం అంచు తలుపు మీద గీతలా పడుతుంది. ఆ గీత వెంట నడిస్తే, గీసినవారి చేతిలో ఎక్కడ నిబ్బరం ఉందో, ఎక్కడ తడబాటు ఉందో నీకే తెలిసిపోతుంది. కారు యజమాని అనుమతి లేకుండా రేకు మీద చెయ్యి మాత్రం వేయకు.

ఇక అసలైన విషయం. కారు ఒంటి మీద కనిపించే ప్రతిదీ రూపకర్త ఇష్టపడి పెట్టినది కాదు. కొన్ని అవసరం కొద్దీ వస్తాయి, కొన్ని ఎంపిక కొద్దీ వస్తాయి. ఈ రెంటినీ విడదీయకుండా మొదలుపెట్టిన చర్చ ఎంతసేపు సాగినా ఒక కొలిక్కి రాదు. నా ఎంజీబీ పొడవు సుమారు 3.89 మీటర్లు, వెడల్పు మీటరున్నర పైచిలుకు, బరువు టన్నుకు లోపు, చక్రాలు 14 అంగుళాలవి. సైబర్‌స్టర్ పొడవు 4,535 మిల్లీమీటర్లు, వెడల్పు 1,913. రెండు మోటార్ల రకం బరువు రెండు టన్నులకు దగ్గరగా ఉంటుంది. చక్రాలు 19 లేదా 20 అంగుళాలవి. ఈ అంకెలు వినగానే మీ క్లబ్బులో ఎవరో ఒకరు "ఇది లావెక్కిపోయింది" అంటారు. ఆ మాట అబద్ధం కాదు, కాని అక్కడితో ఆగితే వాదన కాదు. 77 కిలోవాట్ అవర్ల బ్యాటరీ కారు అడుగున పరుచుకుని ఉంటుంది. దాని మందం 110 మిల్లీమీటర్లు. బ్యాటరీల లోకంలో అది పలచనే అయినా, దాని మీదనే సీటు వేయాలి కనుక కూర్చున్న మనిషి ఆ మేరకు పైకి లేస్తాడు. మనిషి పైకి లేస్తే తలుపు అంచూ, అద్దమూ, గుడ్డ పైకప్పూ వెంట లేస్తాయి. ఒళ్లు ఎత్తు పెరిగినప్పుడు చిన్న చక్రాలు దాని కింద బొమ్మ చక్రాల్లా కనిపిస్తాయి కాబట్టి వాటినీ పెంచాలి. ఇలా ఒకదాని చెయ్యి పట్టుకుని ఇంకొకటి వస్తుంది. ఆ కారులో కూర్చున్నవారు సీటు కొంచెం ఎత్తుగా ఉందని అంటారు. అది ఎందుకో నువ్వు చెప్పగలిగితే వినేవారు నీ తరువాతి మాటను శ్రద్ధగా వింటారు.

అవసరాలను పక్కన పెట్టాక మిగిలేవి ఎంపికలు. పైకి లేచే కత్తెర తలుపులు ఎవరూ బలవంతం చేస్తే వచ్చినవి కావు. వెనకవైపు బాణం ఆకారంలో వెలిగే లైట్లూ అంతే. చర్చ జరగవలసింది వీటి మీద.

సైబర్‌స్టర్‌ను తిట్టడానికి వచ్చేవారు పాత ఎంజీలన్నీ ఒకే వంశపు పోలికతో పుట్టాయన్నట్టు మాట్లాడతారు. ఆ పొరపాటు నువ్వు చేయకు. 1930ల నుంచి వచ్చిన టీ శ్రేణి కార్లకు నిటారైన రేడియేటరూ, విడిగా నిలబడిన హెడ్‌లైట్లూ, ఒంటికి అంటకుండా వంగిన మడ్‌గార్డులూ ఉండేవి. 1955లో ఎంజీఏ వచ్చేసరికి అవన్నీ కరిగి ఒకే ఒంపుగా మారాయి. ఎంజీ అంటే నిటారైన ముక్కు అని నమ్మినవారికి అది గుండెలో కలుక్కుమన్న మార్పు. 1962లో ఎంజీబీ వచ్చి ఆ ఒంపులనూ సరళం చేసింది. విడి ఛాసిస్ మానేసి, ఒళ్లే ఎముకల గూడుగా కట్టిన ఆ కారు ఎంజీఏ కంటే పొట్టిదైనా లోపల ఎక్కువ చోటు ఇచ్చింది. ఎంజీబీ, గట్టి పైకప్పుతో వచ్చిన దాని జీటీ రకం కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. ఈ రోజు మీ క్లబ్బు పెద్దలు సంప్రదాయం అని దేన్ని అంటున్నారో, అది ఒకప్పుడు సంప్రదాయాన్ని విడిచిన కారే.

నా కారు ముఖమే దీనికి మరో సాక్ష్యం. 1969 చివరి నుంచి 1972 వరకు వచ్చిన ఎంజీబీలకు, మొదటి నుంచీ ఉన్న మెరిసే నిలువు పలకల గ్రిల్‌ను తీసేసి, లోపలికి నొక్కినట్టుండే నల్ల గ్రిల్ పెట్టారు. అభిమానులకు అది నచ్చలేదు. తరువాత మెరుగు అంచున్న గ్రిల్‌ను తిరిగి తెచ్చారు. నేను ఈ కారు కొన్న రోజున, అది పళ్లు ఊడిన నోరులా ఉందని అమ్మినవాడే అన్నాడు. ఇన్నేళ్లుగా ప్రతి ఆదివారం ఆ నల్ల గ్రిల్‌ను బ్రష్షుతో శుభ్రం చేస్తూ వచ్చాను. ఇప్పుడు మెరిసే గ్రిల్ ఉన్న ఎంజీబీని చూస్తే, అందంగానే ఉన్నా, మా ఇంటి మనిషి కాదనిపిస్తుంది.

1974 చివర వచ్చిన రబ్బరు బంపర్ల సంగతి కూడా నువ్వు తప్పక ఎత్తాలి. అమెరికాలో చిన్న గుద్దుకు కారు దెబ్బతినకూడదన్న నిబంధనలూ, హెడ్‌లైటు ఇంత ఎత్తులో ఉండాలన్న నిబంధనా వచ్చాయి. ఎక్కువ కార్లు అమ్ముడుపోయేది అక్కడే కాబట్టి, ముందూ వెనకా లావుపాటి నల్ల బంపర్లు తగిలించి, కారును మొత్తంగా అంగుళం పైన లేపారు. బంపరు నల్లగా ఉండటం కంటే కారు లేవటమే దాని రూపాన్ని ఎక్కువ దెబ్బతీసిందని నా అభిప్రాయం. చక్రానికీ రెక్కకూ మధ్య సందు పెరిగితే కారు నేల మీద కూర్చున్నట్టు కాక నేల మీద పెట్టినట్టు ఉంటుంది. రబ్బరు బంపరు కారు ఉన్న సభ్యులు ఆ రోజు తప్పకుండా వస్తారు. ఇన్నేళ్లుగా తమ కారును తోటివారు తక్కువగా చూస్తుంటే భరించినవారు వాళ్లు. వారి కారును ఉదాహరణగా చెప్పేటప్పుడు మాట మెత్తగా ఉండనివ్వు.

పోయిన కారును తిరిగి తేవడానికి ఎంజీ చరిత్రలోనే రెండు దారులు కనిపిస్తాయి. 1980లో ఎంజీ కార్లు తయారయ్యే ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడి ఎంజీబీ ఆగిపోయాక, 1992లో ఆర్‌వీ8 పేరుతో అదే పాత ఒంటిని ఉబ్బించి, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను పెట్టి తెచ్చారు. దాదాపు 2,000 కార్లు తయారయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం జపాన్‌కు వెళ్లాయి. చేతిపని బాగుంది, చెక్క డ్యాష్‌బోర్డు ముచ్చటగా ఉంది, అయినా అది జ్ఞాపకానికి కట్టిన గుడి. రెండవ దారి ఎంజీఎఫ్‌ది. పాత ముఖాన్ని అతికించకుండా, ఓ మాదిరి ధరకు ఇద్దరు మనుషులు పైకప్పు తీసుకుని సరదాగా తిరిగే కారు తన కాలంలో ఎలా ఉండాలో అదే ఆలోచించింది. నేను రెండవ దారి పక్షం. సైబర్‌స్టర్‌ను కూడా నేను ఆ కొలతతోనే చూస్తాను.

లండన్‌లోని స్టూడియోలో రూపుదిద్దుకున్న ఈ కారు ముందుభాగం నాకు బాగా నచ్చింది. పొడవైన బానెట్, కిందికి వాలిన ముక్కు, వెనక చక్రం మీద కొద్దిగా ఉప్పొంగిన రెక్క, ఇవన్నీ ఎంజీబీని నకలు చేయకుండానే దాన్ని గుర్తుచేస్తాయి. 2021లో చూపిన నమూనాలో గుండ్రటి హెడ్‌లైట్లు ఉండేవి. అవి తయారీకి వచ్చిన కారులో లేకపోవడం నాకు వెలితిగానే ఉంది. వెనక బాణాల దగ్గర మాత్రం నేను రాజీపడలేను. ఎటు తిరుగుతున్నారో చెప్పవలసిన లైటు ఎప్పుడూ రెండువైపులా చూపిస్తున్నట్టు ఉంటుంది, పైగా అంతసేపూ సాఫీగా వచ్చిన రేకు అక్కడ ఒక్కసారిగా కేక పెడుతుంది. తలుపుల విషయంలో నా అభ్యంతరం ఇంకో రకమైనది. ఎంజీఏ రోడ్‌స్టర్‌కు బయట పిడే ఉండదు; లోపలికి చెయ్యి పెట్టి తాడు లాగి తీయాలి. పిడి లేకపోవడం సైబర్‌స్టర్‌కూ ఉంది, అయితే ఇక్కడ మీట నొక్కితే తలుపు దానంతట అదే ఆకాశానికి లేస్తుంది. చూసేవారికి అది వేడుకే. కాని ఎంజీ తలుపు, మోచెయ్యి ఆనించి పక్కింటివారితో రెండు మాటలు మాట్లాడుకునే తలుపు. ఈ కారుకు మామూలు తలుపు పెట్టి ఉంటే ఇంకా దగ్గరి మనిషిలా ఉండేది. ఇది నా అభిప్రాయం; నీకు ఆ తలుపులే నచ్చితే నిస్సంకోచంగా వాటి పక్షానే మాట్లాడు, కాకపోతే ఎందుకో చెప్పు.

యజమాని ఎవరన్న మాట చర్చలోకి వస్తుంది. 2005 ఏప్రిల్‌లో అప్పటి యజమాని ఎంజీ రోవర్ కంపెనీ కుప్పకూలినప్పుడు వేలమంది ఉద్యోగాలు పోయాయి. వారిలో కొందరితో నేను టీ తాగినవాణ్ణి; లాంగ్‌బ్రిడ్జిలోని ఆ కంపెనీ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడిన వారి ముఖాలు నేను మరచిపోలేను. ఆ పేరు ఇప్పుడు చైనా కంపెనీ చేతిలో ఉందని ఎవరైనా బాధపడితే ఎదురు చెప్పకు, విను. ఆ బాధ నిజమైనదే, కాని అది తలుపు అంచు ఒంపు గురించి ఏమీ చెప్పదు. "ఆ సంగతి వేరుగా మాట్లాడుకుందాం, ఇప్పుడు ఈ రేకు చూద్దాం" అని వేలు పెట్టి చోటు చూపించు. రూపం గురించి మాట్లాడుతున్నప్పుడు వేలు చూపించలేని మాట ఏదీ అనకపోవడం మంచి అలవాటు.

ఇంకో పని కూడా చేయి. సైబర్‌స్టర్ 2025లో ఇండియాలోనూ అమ్మకానికి వచ్చింది కనుక, హైదరాబాద్‌లో ఉన్న మీ పెద్దనాన్నగారి అబ్బాయిని వీలైతే ఒకసారి వెళ్లి చూసి రమ్మను. అక్కడివారికి ఎంజీ అంటే 2019లో వచ్చిన హెక్టర్ అనే ఎస్‌యూవీ. ఆబింగ్డన్ జ్ఞాపకాలు ఏవీ అడ్డు రాని కన్ను వాడిది. వాడు ముందుగా చూసిన చోటు ఏదో అడిగి రాసుకో. మీ క్లబ్బులో అరవై దాటిన వారి కన్ను మొదట ఎక్కడికి పోతుందో దానితో పోల్చి చూడు. ఆ తేడాయే నీ ప్రసంగానికి మంచి ప్రారంభం కావచ్చు.

ఆ ఆదివారం వాన లేకపోతే నేనూ నా కారు తీసుకుని వస్తాను. దాన్ని సైబర్‌స్టర్‌కు ఎడమవైపున, ముందు చక్రాలు ఒకే వరుసలో ఉండేలా నిలపడానికి నిర్వాహకులను ముందే అడిగి ఉంచు. కొలత టేపు నేను తెస్తాను. మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత దుప్పటి ఒకటి నువ్వు తెచ్చుకో, గడ్డి ఉదయం పూట తడిగా ఉంటుంది.

నీ మామయ్య