‘అంచు’ మీద ప్రాజెక్టు ఇచ్చారు, నా బొమ్మలో నేను లేనంటున్నారు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నిరుడు ఇంటర్ పూర్తిచేశాను. ఇంట్లో ఉండే ఒక ఆన్‌లైన్ చిత్రకళా కోర్సు చదువుతున్నాను. ‘అంచు’ అనే మాట ఇచ్చి, దాని ఆధారంగా 12 వారాల్లో సొంత ప్రాజెక్టు చేయమన్నారు. చివరి పనితో పాటు అది ఎలా తయారైందో చూపే నోటుపుస్తకం కూడా పంపాలి. గోదావరి పాయ వశిష్ఠ గట్టు, కొబ్బరిచెట్లు, సూర్యాస్తమయం వేసి నాలుగు నీటిరంగుల చిత్రాలు పంపాను. ‘చేయి బాగా తిరిగింది, కానీ ఇందులో మీరెక్కడున్నారు?’ అని మా టీచర్ రాశారు. మూడు వారాలు గడిచిపోయాయి, ఏమీ తోచడం లేదు. నాన్న కొబ్బరిపీచు మిల్లులో పనిచేస్తారు, అమ్మ ఖాళీ సమయంలో లేసు అల్లుతుంది. నగరాల వాళ్లకు దొరికే విషయాలు మాకెక్కడ దొరుకుతాయి? అసలు ఈ ప్రాజెక్టు డిగ్రీ ప్రవేశానికి పనికొస్తుందా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు కావలసిన విషయం అందులోనే ఉంది, ‘మాకెక్కడ దొరుకుతాయి’ అన్న వాక్యానికి సరిగ్గా ముందు వాక్యంలో. అమ్మ లేసు అల్లుతుందని రాశారు. లేసు అంటే దిండు గలీబుకో, బల్లగుడ్డకో, పరికిణీకో వేసే అంచు. మీకిచ్చిన మాటా అదే. ఇల్లు దాటి గట్టు దాకా వెళ్లి వెతికారు గానీ, అది మీ అరుగు మీదే కూర్చుని ఉంది.

గోదావరిని గీయడం తప్పని అనుకోకండి. రాజమహేంద్రవరంలో పుట్టి, 1925లో 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు గోదావరిని ఎంతో ప్రేమగా గీశారు. ఆ ఊళ్లో ఆయన పేరుతో ఉన్న చిత్రశాలకు ఒకసారి వెళ్లి చూడండి. మీ నాలుగు చిత్రాలతో వచ్చిన చిక్కు వేరు. అది ఏ రేవు, ఏ నెల, నీరు ఏ మెట్టు దాకా వచ్చింది అన్న ఊసు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అంచు అనగానే గట్టు గుర్తొచ్చింది, గట్టు అనగానే క్యాలెండర్ బొమ్మ గుర్తొచ్చింది. మొదట తోచేది అందరికీ తోచేదే అవుతుంది. మీ టీచర్ అడిగింది దీని గురించే.

ఇచ్చిన అంశాన్ని పరీక్ష ప్రశ్నలా చూస్తే జవాబు కోసం వెతుకుతాం. మంచి ప్రాజెక్టులో విద్యార్థి ఆ మాట నుంచి తన ప్రశ్నను తయారుచేసుకుంటుంది. మీరు చేయవలసిన మొదటి పని ఆ ప్రశ్న కనుక్కోవడం. దానికి నేనొక దారి చెబుతాను.

ఒక వారం పాటు ఫోనులో ఒక్క బొమ్మ కూడా వెతకకండి. రోజూ అమ్మ పక్కన అరగంట కూర్చోండి. సూది పట్టి గొలుసు ఎలా వేస్తుందో నేర్చుకోండి, మీరూ నాలుగు వరుసలు అల్లండి, వంకరగా వచ్చినా దాచండి. కాగితం వైపు చూడకుండా, అమ్మ చేతుల వైపే చూస్తూ గీయండి. ఒక పువ్వు అల్లడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. మీరు ‘ఖాళీ సమయంలో’ అన్నారు కదా, ఆ ఖాళీ నిజంగా ఎప్పుడొస్తుందో కూడా రాయండి. పొయ్యి మీద అన్నం ఉడికేటప్పుడా? కరెంటు పోయి గుమ్మంలో కూర్చున్నప్పుడా? అల్లుతూ ఎన్నిసార్లు లేచింది, ఎవరు పిలిస్తే లేచింది?

నేనిలా అడగడానికి కారణం ఉంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో నరసాపురం ప్రాంతపు లేసు పనివారిని అధ్యయనం చేశారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకును తయారుచేస్తున్న స్త్రీలను ఉత్తి గృహిణులుగా లెక్కవేసి, వారి శ్రమను తీరిక వేళ కాలక్షేపంగా చూడటం వల్లే కూలి అంత తక్కువగా ఉంటోందని ఆమె వాదించారు. మీరు ప్రేమగానే రాసిన ‘ఖాళీ సమయంలో’ అన్న మాట కూడా అక్కడి నుంచే వచ్చింది. పనికీ తీరికకూ మధ్య అంచు ఎక్కడ ఉంది? ఇది గట్టు కన్నా గట్టి ప్రశ్న, పైగా మీ ఇంటిది. ఇదే తీసుకోమని బలవంతపెట్టను. వారం కూర్చున్నాక మీకు ఇంతకన్నా మంచి ప్రశ్న దొరికితే దాన్నే పట్టుకోండి.

తరువాత మూడు వారాలు ప్రయోగాలకు ఇవ్వండి. లేసు ముక్క మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దండి. దీనికి పైసా ఖర్చు లేదు. లేసుకు సిరా పూసి కాగితం మీద అద్దండి. మూడో పద్ధతి నాకు చాలా ఇష్టమైనది, ఎండతో వేసే నీలి అచ్చు. దీన్ని సయనోటైప్ అంటారు, 1842లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనుగొన్నారు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ అనే రెండు లవణాల ద్రావణాలను కలిపి, వెలుగు తగలని చోట కాగితానికి పూసి ఆరబెట్టాలి. దాని మీద లేసు పరిచి, అద్దంతో అదిమి ఎండలో ఉంచి, నీళ్లలో కడిగితే దారం ఉన్న చోట తెల్లగా, రంధ్రాలున్న చోట ముదురు నీలంగా వస్తుంది. చేతికి తొడుగులు వేసుకోండి, వంటపాత్రలు వాడకండి, ఆ రసాయనాన్ని ఆమ్లాల దగ్గరికి రానివ్వకండి. ఎంతసేపు ఎండ తగలాలో చిన్న ముక్కల మీద పరీక్షించి రాసుకోండి.

ఫొటోగ్రఫీ పుట్టిన తొలినాళ్లలోనే దానికి ఆద్యుల్లో ఒకరైన హెన్రీ ఫాక్స్ టాల్బట్ కెమెరా లేకుండా, లేసును నేరుగా కాగితం మీద పెట్టి ఇలాంటి అచ్చులు తీశారు. లేసు ఒక విచిత్రమైన వస్తువు, అందులో దారం కన్నా ఖాళీయే ఎక్కువ. అమ్మ చేయి చేసేది ఖాళీల చుట్టూ హద్దు కట్టడం. ఆ నీలి అచ్చు చూశాక మీ ‘ఖాళీ సమయం’ అన్న మాటను మళ్లీ చదవండి.

ఇతర కళాకారులను ఈ దశలోనే చూడాలి, ముందు కాదు. మన దేశపు శిల్పి మృణాళినీ ముఖర్జీ జనపనార తాళ్లను ముడులు వేస్తూ మనిషెత్తు శిల్పాలు చేశారు. అమెరికా శిల్పి రూత్ అసావా 1947లో మెక్సికోలోని తొలూకాలో తీగబుట్టల అల్లిక నేర్చుకుని, అదే అల్లికతో గాలిలో వేలాడే శిల్పాలు చేశారు. ఇంటిపని, చేతిపని అని పక్కన పెట్టే అల్లికను వీళ్లు ఎక్కడిదాకా తీసుకెళ్లారో చూడండి. నాన్నగారి పీచు కూడా గుర్తొచ్చి రెండూ కలపాలనిపిస్తుంది. ఈసారికి వద్దు. మీకు మిగిలింది తొమ్మిది వారాలే, ఒక దారం చాలు.

ఆన్‌లైన్ చదువులో ఒక ఇబ్బంది ఉంది. మీ బల్ల మీద ఏముందో టీచర్‌కు కనపడదు, మీరు పంపిన ఫొటోయే ఆమెకు మీ పని. కాబట్టి కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టి తీయండి. చెడిపోయిన అచ్చులూ పంపండి, పక్కన తేదీ, ఎందుకు చెడిందో ఒక వాక్యం రాయండి. నోటుపుస్తకం అడిగేది దీనికే. చివర్లో తీరిగ్గా అందంగా తిరగరాసిన నోటుపుస్తకాన్ని అనుభవమున్న టీచర్లు ఇట్టే పసిగడతారు. ‘బాగుందా మేడమ్?’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది. ‘ఈ రెండు అచ్చుల్లో సమయం ఎందులో ఎక్కువ కనపడుతోంది?’ అని అడగండి.

ఇక ప్రవేశాల సంగతి. చాలా ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్ డిగ్రీకి సమానం కాదు, ఆ భ్రమ పెట్టుకోవద్దు. మీకు మిగిలే ఆస్తి ఈ పని, దాన్ని వివరించగల నోరు. నాలుగేళ్ల లలితకళల డిగ్రీ బీఎఫ్‌ఏకు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం), తెలుగు రాష్ట్రాల బయట బరోడా, శాంతినికేతన్ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. డిజైన్ వైపు మనసుంటే ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ), నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ) ప్రవేశ పరీక్షలు, ఐఐటీ బొంబాయి నిర్వహించే డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష యూసీడ్ చూడండి. ఇంటర్ పూర్తయిన సంవత్సరం, వయసు నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ప్రకటన స్వయంగా చదవండి. ఎన్‌ఐడీ రెండో దశలోనూ, నిఫ్ట్ సిట్యుయేషన్ టెస్టులోనూ వస్తువులు చేతికిచ్చి అక్కడికక్కడే ఏదో ఒకటి తయారుచేయమంటారు. రుద్ది, అద్ది, చెడగొట్టి నేర్చుకున్న చేతికి అక్కడ భయం ఉండదు. నా అభిప్రాయం అడిగితే, మీ ఉత్తరాన్ని బట్టి బట్టల డిజైన్ మీకు బాగా నప్పుతుంది. ఆదాయం విషయంలో కూడా కేవలం చిత్రకళ కన్నా ఆ దారి మీ ఇంటికి కొంత ముందుగా అందుతుంది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ అల్లిక లోపలి నుంచి తెలిసిన డిజైనర్‌గా మీరు ఎదగాలని నా కోరిక.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. అమ్మను జాలి కలిగించే బొమ్మగా చూపకండి. ఆమె నైపుణ్యం ముందు కనపడాలి, కష్టం అందులోనే తెలుస్తుంది. ముఖం ఫొటో తీసే ముందు అడగండి, వద్దంటే చేతులు చాలు. పక్కింటి వాళ్ల దగ్గర ముక్కలు తీసుకుంటే డబ్బిచ్చి తీసుకోండి. నోటుపుస్తకం మొదటి పేజీలో మీ పేరు పక్కన అమ్మ పేరు కూడా ఉండాలా, ఉంటే ఏమని ఉండాలి అన్నది ఆమెనే అడిగి, ఆమె చెప్పిన మాటల్లోనే రాయండి.