రాయంటే నలుపే అనుకున్న రోజు

"జీవితం ఒక్కసారిగా మారిపోయినప్పుడు ప్రకృతి దృశ్యాలు గీస్తే మళ్లీ ఆశ పుడుతుందా?" అని అడిగారు. పుడుతుంది. యూట్యూబ్ చూసి మంచుకొండలు గీస్తే మాత్రం పుట్టదు, రాసిస్తాను. మన ఊరి ఎండలో కూర్చోవాలి.

నాకు 51 ఏళ్లప్పుడు కంపెనీవాళ్లు ఇంటికి పంపేశారు. మూడు నెలలు ఫ్యాన్ తిరగడం చూశాను. మా ఆవిడ విసిగిపోయి, అమ్మాయి స్కూల్లో వాడి వదిలేసిన వాటర్ కలర్ డబ్బా, డ్రాయింగ్ బుక్కు చేతిలో పెట్టి "కాస్త బయటికెళ్లి రండి, ఇల్లు ఊడ్చుకోవాలి" అంది. ఆశా గీశా ఏం లేదు, ఊడ్చుకోవడానికే.

పొద్దున ఆరున్నరకి మన హైదరాబాద్‌లోనే ఖాజాగూడ గుట్టల దగ్గర కూర్చున్నా. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ రెండు గుండ్లు. రాయంటే నలుపే కదా అని నలుపు పూసేశాను. మేకలు తోలుకుంటూ వచ్చిన పెద్దాయన వెనక నిలబడి చూసి, "సారూ, గుండు గట్ల లేదు గదా. పొద్దుగాల ఎర్రగుంటది. సూడకుండనే ఏసిండ్రు" అన్నాడు.

తలెత్తితే నిజమే! మన గ్రానైట్‌లో ఫెల్డ్‌స్పార్ అనే గులాబీ రంగు ఖనిజం ఉంటుంది, ఏటవాలు ఎండకి అది మెరుస్తుంది. ఇరవై ఏళ్లు ఆ రోడ్డు మీదే ఆఫీసుకెళ్లాను, ఒక్కసారి కనపడితే ఒట్టు.

వాటర్ కలర్‌లో నలుపు మీద ఎరుపు ఎక్కదు. కాగితం తిరగేసి బర్న్‌ట్ సియెనా అనే ఎర్రటి గోధుమ రంగు పల్చగా వేస్తూ మళ్లీ మొదలెట్టా. సగమయ్యేసరికి ఎండ ముదిరింది, రాయి రంగు మారిపోయింది. "రేపు పొద్దున మళ్లీ వెళ్లాలి" అన్నాను ఇంటికొచ్చి. మూడు నెలల్లో నా నోట "రేపు" అన్న మాట రావడం అదే మొదలని మా ఆవిడ అంటుంది.

పనిలో పనిగా ఒకటి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాళ్లండీ అవి. వాటిని పేల్చి టవర్లు కడతారు, గేటు దగ్గర సిమెంటు గుండ్లు పోయించి లైట్లు పెడతారు! ఏం బుద్ధులో.

అన్నట్టు, కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) కంటే తక్కువది కొనకండి. నాది తడికి అప్పడంలా వంకర తిరిగింది. దాన్నే తీసుకెళ్తే, ఫ్రేములు కట్టే అతను "ఏ వైపు కనపడాలి సార్?" అన్నాడు. తేల్చుకోలేక వెనక్కి తెచ్చేసుకున్నా.