ఈవీలా, సౌర భవనాలా? ఈఈఈ విద్యార్థి ఎటు వెళ్లాలి?

ప్రశ్న: బీటెక్‌ ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. విద్యుత్‌ వాహనాలు, భవనాలపై సౌరవిద్యుత్తు, గ్రీన్‌ హైడ్రోజన్‌.. వీటిలో దేన్ని ఎంచుకోవాలి? నాన్న సాఫ్ట్‌వేర్‌ వైపు వెళ్లమంటున్నారు. ఒక శిక్షణ సంస్థ మూడు నెలల ఈవీ కోర్సుకు భారీ ఫీజు అడుగుతోంది. చేరవచ్చా?

జవాబు: ఈ మూడింటిలో ఒకదాన్ని ఇప్పుడే తేల్చుకోవాల్సిన అవసరం మీకు లేదు. బ్యాటరీలోని డీసీని మోటారుకు కావలసిన ఏసీగా మార్చాలన్నా, డాబాపై ప్యానెళ్ల విద్యుత్తును గ్రిడ్‌కు పంపాలన్నా, నీటి నుంచి హైడ్రోజన్‌ తీసే ఎలక్ట్రోలైజర్‌కు డీసీ అందించాలన్నా, విద్యుత్తును ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే పవర్‌ ఎలక్ట్రానిక్సే ఆధారం. కాబట్టి ఈ ఏడాది ఆ సబ్జెక్టుపై, కంట్రోల్‌ సిస్టమ్స్‌పై గట్టి పట్టు సాధించండి.

వాహనాల్లో మీ బ్రాంచికి బాగా సరిపోయేది బ్యాటరీ సెల్స్‌ను గమనిస్తూ కాపాడే బ్యాటరీ మేనేజ్‌మెంట్‌ సిస్టమ్‌, అంటే బీఎంఎస్‌. 3.2 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్‌ ఫాస్ఫేట్‌) సెల్స్‌ను 16 వరసగా కలిపితే 51.2 వోల్టుల ప్యాక్‌ తయారవుతుంది. వాటిలో ఒక్క సెల్‌ బలహీనపడినా, మిగతా 15 సెల్స్‌లో ఛార్జింగ్‌ ఉండగానే బీఎంఎస్‌ మొత్తం ప్యాక్‌ను ఆపేయాల్సి వస్తుంది. పైగా ఈ రకం సెల్‌లో ఛార్జింగ్‌ తగ్గుతున్నా మధ్య దశలో వోల్టేజీ దాదాపు మారదు. అందువల్ల ఎంత మిగిలిందో తెలియాలంటే కరెంటును నిరంతరం లెక్కగడుతూ అంచనా వేసే ప్రోగ్రామ్‌ ఉండాలి. దీన్ని ఎక్కువగా ఎంబెడెడ్‌ సీలో, అంటే పరికరాల్లోని చిప్‌ల కోసం వాడే సీ ప్రోగ్రామింగ్‌ భాషలో రాస్తారు. నాన్నగారికి ఈ సంగతి వివరించండి. ఆయన కోరిన కోడింగ్‌ ఇందులోనే ఉంది. 2022లో దేశంలో విద్యుత్‌ స్కూటర్లు వరసగా తగలబడిన తరువాత ఏఐఎస్‌-156 భద్రతా ప్రమాణాన్ని కఠినం చేశారు కాబట్టి, బ్యాటరీ పరీక్షలు తెలిసిన ఇంజినీర్ల అవసరం కూడా పెరిగింది. మహబూబ్‌నగర్‌ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా సంస్థ బ్యాటరీ పరిశ్రమను చేపట్టింది. అటువైపు కూడా దృష్టి పెట్టండి.

భవనాల రంగాన్ని విద్యార్థులు అంతగా పట్టించుకోరు; నా దృష్టిలో అది పొరపాటు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్‌ పథకం కింద 3 కిలోవాట్ల ఇంటి ప్లాంటుకు కేంద్రం రూ.78,000 రాయితీ ఇస్తోంది. ఇక అపార్ట్‌మెంట్‌ సెల్లార్‌లో 20 కార్లు ఒకేసారి 7.4 కిలోవాట్ల చొప్పున ఛార్జింగ్‌ తీసుకుంటే 148 కిలోవాట్ల లోడు పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్చకుండా ఆ లోడును వేళలవారీగా సర్దడం, పగటి సౌరవిద్యుత్తుతో జతచేయడం మీలాంటి వారు చేయాల్సిన పని. కొంత అనుభవం వచ్చాక బ్యూరో ఆఫ్‌ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిర్వహించే ఎనర్జీ ఆడిటర్‌ పరీక్ష రాస్తే ఈ రంగంలో మంచి గుర్తింపు లభిస్తుంది.

గ్రీన్‌ హైడ్రోజన్‌కు అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో భారీ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. అయితే అందులో కెమికల్‌, మెకానికల్‌ వారి పాత్ర ఎక్కువ కాబట్టి దాన్ని పీజీ దశలో ఆలోచించండి. పీజీ చేయాలనుకుంటే గేట్‌ రాయండి. వరంగల్‌ నిట్‌లో పవర్‌ ఎలక్ట్రానిక్స్‌ అండ్‌ డ్రైవ్స్‌ ఎంటెక్‌ ఉంది.

కోర్సు విషయానికొస్తే, థియరీ కోసం అంత ఫీజు కట్టనవసరం లేదు. ఆన్‌లైన్‌ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినవచ్చు. మీరు చెప్పిన శిక్షణ సంస్థ ల్యాబ్‌ను స్వయంగా చూసి, సెల్‌ టెస్టర్‌, మోటార్‌ కంట్రోలర్‌ వంటి వాటిపై మీ చేత పని చేయిస్తారో లేదో ప్రస్తుత విద్యార్థులను అడిగి తెలుసుకోండి. చేయించరని తేలితే అందులో చేరవద్దు. ఆ డబ్బులో కొంత వెచ్చించి, అధ్యాపకుల పర్యవేక్షణలో కళాశాల ల్యాబ్‌లోనే నాలుగు సెల్స్‌ ప్యాక్‌కు బీఎంఎస్‌ తయారుచేయడాన్ని మీ ప్రాజెక్టుగా తీసుకోండి.