ల్యాండ్‌స్కేప్ (ప్రకృతి దృశ్యాల) బొమ్మల్లో కంపోజిషన్, అంటే అమరిక, కుదరాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న బట్టి నాకు అర్థమైంది ఇదండీ: నీటిరంగుల మీద చెయ్యి తిరిగింది, చెట్టు చెట్టులా, పడవ పడవలా వస్తోంది, రూల్ ఆఫ్ థర్డ్స్ (కాగితాన్ని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైనవాటిని ఆ గీతల మీద పెట్టడం) కూడా పాటిస్తున్నారు. అయినా బొమ్మ మొత్తంగా చూస్తే చప్పగా ఉంటోంది, కన్ను ఎక్కడా ఆగడం లేదు. కొన్నాళ్లు రంగులు ఆపేయాలా అని కూడా అడిగారు.

నన్నడిగితే ముందు ఆ మూడో వంతు గీతల్ని పక్కన పెట్టండి. వస్తువుని ఎక్కడ పెట్టాలో అవి చెబుతాయి గానీ, బొమ్మలో ముదురెంత, లేతెంత, అవి ఎన్ని ముక్కలుగా ఉండాలి అన్నది చెప్పవు. బొమ్మ నిలబడేదీ తేలిపోయేదీ అక్కడే.

నేను ఎక్కువగా వేసేది రాజమండ్రి గోదావరి గట్టు మీద, కాబట్టి అక్కడి సంగతే చెబుతాను. ఊరు నదికి తూర్పు ఒడ్డున ఉంది. పొద్దున్నే రేవులో కూర్చుంటే ఎండ మన వెనకనుంచి వస్తుంది. ఎదురుగా ఆర్చి వంతెన, ఇసుక దిబ్బలు, కొవ్వూరు వైపు చెట్లు అన్నీ ఒకే తీరుగా వెలుగుతుంటాయి. చూడ్డానికి హాయిగా ఉంటుంది, వేయడానికి మాత్రం చుక్కలు కనబడతాయి. ఏదీ దేనిలోనూ కలవదు, ప్రతిదీ నన్ను విడిగా వేయి అంటుంది. అదే రేవులో సాయంత్రం కూర్చోండి. సూర్యుడు కొవ్వూరు వైపు దిగేటప్పటికి వంతెన, పిల్లర్లు, వెనక చెట్లు అన్నీ కలిసిపోయి ఒకటే ముదురు పట్టీ అయిపోతాయి. నీళ్లు తెల్లగా మిగులుతాయి. సగం పని సూర్యుడే చేసి పెడతాడు. కాబట్టి ఏం వేయాలి అన్నదానికంటే ఏ వేళప్పుడు వేయాలి అన్నది ముందు తేల్చుకోండి.

తర్వాత కళ్లు చికిలించి చూడండి. నోటుబుక్కులో అగ్గిపెట్టెంత గళ్లు గీసుకుని ఆ దృశ్యాన్ని మూడే టోన్లలో వేయండి: ముదురు, మధ్యరకం, కాగితం తెలుపు. 4బి పెన్సిల్ పడుకోబెట్టి రుద్దాలి. మొనతో మొదలుపెడితే చెయ్యి ఆకుల్లోకి, పడవ తాళ్లలోకి పోతుంది. అంత చిన్న గడిలో వివరాలు పట్టవు, పట్టకూడదు కూడా. చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నా ఆకారాలు విడివిడిగా తెలుస్తున్నాయా లేదా అన్నదే పరీక్ష. తెలియకపోతే ఇంకో గడి. ఇక్కడ ఖర్చయ్యేది పెన్సిల్ మాత్రమే. నీటిరంగులకి వాడే మందపాటి 300 జీఎస్‌ఎమ్ కాగితం ధర మీకు తెలియంది కాదు.

ఆ వంతెననే చూడండి. ఎదురుగా దూరంనుంచి చూస్తే ఆర్చిలన్నీ ఒకే సైజులో వరసగా ఉంటాయి, కన్ను రెండు చూసి మూడోదాన్ని వదిలేస్తుంది. గట్టు మీద దాని దగ్గరికి నడిస్తే దగ్గరి ఆర్చి పెద్దదై, అవతలివి తగ్గుతూ పోతాయి. ఆ తగ్గుదలే చూపుని అవతలి ఒడ్డుకి లాక్కెళుతుంది. ఆ దారి మధ్యలో, వంతెన నీడ తెల్లటి నీళ్లని కోసే చోట, ఒక్క పడవ పెట్టండి. నిజంగా పడవ ఇంకెక్కడో ఉంటే జరిపేయండి, తప్పేం లేదు. వంతెనని మాత్రం జరపకండి, మా ఊరివాళ్లు ఇట్టే పట్టేస్తారు.

హొరైజన్ గీత, అంటే ఆకాశం కిందికి దిగి ఆగినట్టు కనబడే గీత, సరిగ్గా మధ్యలో పడితే ఆకాశం, నీళ్లు కవలల్లా పోట్లాడుకుంటాయి. బొమ్మ ఎవరిదో తేల్చండి. వరదల్లో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు నేను గీతని బాగా పైకి పెడతాను, అప్పుడు చూడాల్సింది నదే కాబట్టి. దీనికి ఎదురు పద్ధతి చూడాలంటే 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు రాయిస్‌డాల్ వేసిన హార్లెమ్ ఊరి దృశ్యం ఇంటర్నెట్‌లో వెతకండి. మూడింట రెండు వంతులు మబ్బులే, ఊరు సన్నటి గీతలా అడుగున ఉంటుంది, కింద పొలంలో ఆరేసిన బట్టల మీద ఒక ఎండ పొడ. ఆ ఎండ పొడని బొటనవేలితో మూసి చూడండి, బొమ్మ ఎంత డీలా పడుతుందో తెలుస్తుంది.

చిన్నదే గానీ బొమ్మని పాడుచేసే సంగతి ఇంకొకటి: ముట్టీముట్టనట్టు ఆనుకునే అంచులు. తెరచాప కొన సరిగ్గా అవతలి గట్టు గీతని తాకుతుంది, కొబ్బరి మాను కాగితం అంచుని రాసుకుంటూ నిలబడుతుంది. దాటించాలి, లేదా దూరంగా ఆపాలి.

ఫోటో చూసి వేసే అలవాటుంటే ఒక జాగ్రత్త. ఫోన్ మెయిన్ కెమెరాది వైడ్ లెన్సు. లాంచీలో వెళుతుంటే మీదికొచ్చేలా కనబడిన పాపికొండలు ఫోటోలో గుట్టల్లా అయిపోతాయి, ముందరి నీళ్లే ఫ్రేమంతా తినేస్తాయి. కాస్త జూమ్ చేసి తీయండి, నీళ్లు కోసేయండి. నేరుగా వేసేటప్పుడైతే పాత శుభలేఖ అట్టని రెండు ఎల్ ఆకారాలుగా కత్తిరించి, క్లిప్పులు పెట్టి, మీ కాగితం నిష్పత్తిలోనే కిటికీ చేసుకోండి. నా సంచిలో ఎప్పుడూ ఉండేది అదే.

రాజమండ్రి వస్తే చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ చూడండి. 1925లో, ముప్పై నిండకుండానే పోయిన మనిషి. నోటుబుక్ తీసుకెళ్లి, నచ్చిన బొమ్మ ముందు నిలబడి మూడు టోన్ల గడి ఒకటి వేసుకోండి. నేను నేర్చుకున్నదాంట్లో చాలా భాగం అలా వచ్చిందే.

ఇక రంగులు ఆపాలా అన్నారు. ఆపక్కర్లేదు, ఒకే రంగుతో వేయండి. ఇండిగో గానీ, సెపియా గానీ. ఎల్లో ఓకర్‌తో (మట్టి పసుపు రంగు) మాత్రం ప్రయత్నించకండి, ఎంత చిక్కగా కలిపినా దానికి ముదురు టోన్ రాదు.