పన్నెండు నిమిషాలు చాలు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు ఒంగోల్లో జిమ్ముకి ఏడాది డబ్బు కట్టి పదకొండు రోజులు వెళ్లావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నిన్ను తిట్టనులే. బ్యాంకు నుంచి ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిదైతే ఎవరు మాత్రం పోతారు? ఇంట్లోనే చెయ్యి.

నువ్వడిగిన సర్క్యూట్ వ్యాయామం బ్రహ్మవిద్యేమీ కాదు. నాలుగైదు వ్యాయామాలు ఒకదాని వెంట ఒకటి చేసి, కాసేపాగి, మళ్లీ మొదటి దాని దగ్గరికి రావడం. 1953లో ఇంగ్లండులో, లీడ్స్ యూనివర్సిటీలో మోర్గాన్, ఆండర్సన్ అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు. కిటుకంతా వరసలోనే ఉంది. కాళ్లు పనిచేసేటప్పుడు చేతులు సేద తీరతాయి, చేతులకి పని పడినప్పుడు కాళ్లు. గుండెకి మాత్రం సెలవుండదు.

ముందు అయిదు నిమిషాలు ఉన్నచోటే నడువు, భుజాలు తిప్పు. తర్వాత గుంజీలు. డ్రిల్లు మాస్టారుగా నేను పిల్లలకి శిక్షగా వేయించినవే. ఇప్పుడు వాటినే మందని చెబుతున్నానంటే ఆ పిల్లలు నన్ను ఊరికే వదలరు. చెవులు పట్టుకోనక్కర్లేదులే. వెనక కుర్చీ వేసుకుని, పిర్ర దానికి తగలగానే లే. మడమలు నేల వదలకూడదు, మోకాళ్లు లోపలికి వాలకుండా కాలివేళ్ల వైపే పోవాలి.

రెండోది దండీలు. నేల మీద వద్దు, ముందు గోడకి చేతులు ఆనించి చెయ్యి. పదిహేను తేలిగ్గా వస్తే వంటింటి గట్టుకి మారు, నేల సంగతి ఆ తర్వాత. మూడోది మెట్టెక్కి దిగడం, ఈ కాలితో ఒకసారి, ఆ కాలితో ఒకసారి. నాలుగోది వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం. యోగాలో సేతుబంధాసనం అంటారు. అయిదోది ప్లాంక్. మోచేతుల మీద ఒళ్లంతా కర్రలా నిలపాలి. నడుం కిందికి జారిందంటే ఆపెయ్, మొదట్లో పది సెకన్లు నిలిచినా గొప్పే.

ఒక్కొక్కటి అర నిమిషం చెయ్యి, అర నిమిషం ఆగు. అయిదూ అయ్యాక రెండు నిమిషాలు కూర్చుని ఇంకో రౌండు. ముందు చేసిన ఆ అయిదు నిమిషాలు కాక మొత్తం పన్నెండు నిమిషాలు. సోమ, బుధ, శుక్రవారాలు చాలు, మిగతా రోజుల్లో నడువు. కండరాలకి వారానికి కనీసం రెండు రోజులు పని, దానికి తోడు 150 నిమిషాల నడకలాంటిది ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

ఇక అసలు మాట. ఇంకో నాలుగు చేయగలననిపించినప్పుడే ఆపు. రిటైరైన ఏడాది తుమ్మలపెంట బీచిలో పాత స్నేహితులతో పందెం కట్టి వంద గుంజీలు తీశాను. అప్పటికి నేను విజిల్ ఊదడమే తప్ప ఒళ్లు వంచి చాలా ఏళ్లయింది. మూడు రోజులు గోడ పట్టుకుని గానీ కూర్చోలేకపోయాను. మీ అత్త ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది. అది తగ్గాక కూడా నెల రోజులు వ్యాయామం ఊసెత్తలేదు.

మొదటి వారం తొడలు పట్టేస్తాయి. రెండో రోజు ఎక్కువగా ఉండి, ఆ తర్వాత తగ్గుతుంది. దానికి టెన్షన్ పడకు. కీలులో సూది గుచ్చినట్టుంటే మాత్రం ఆ వ్యాయామం మానెయ్. ఛాతీ పట్టినా, తల తిరిగినా అక్కడే ఆపి డాక్టర్ దగ్గరికి పో. మీ నాన్నకి బీపీ ఉంది కదా, నువ్వూ ఒకసారి చూపించుకునే మొదలుపెట్టు. ఊపిరి బిగబట్టకు, లేచేటప్పుడు వదులు. చేస్తూ రెండు ముక్కలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే.

రోహిణి కార్తెలో పొద్దున ఆరు లోపే కానిచ్చెయ్. టైల్స్ మీద చెమట పడితే కాలు జారుతుంది, చాప కాకుండా రబ్బరు మ్యాట్ కొనుక్కో. పొట్ట మాత్రం వీటితోనే కరగదు, ఆ లెక్క కంచం దగ్గర తేలాల్సిందే.

రెండు వారాలు కుదురుగా చేశాక మూడో రౌండు కలుపు. చేసిన రోజు క్యాలెండర్లో గీత పెట్టు. సంక్రాంతికి కావలి వచ్చేటప్పుడు ఆ క్యాలెండర్ తీసుకురా. గీతలు లెక్కపెట్టాకే మీ అత్త చేపల పులుసు వడ్డిస్తానంటోంది.

మీ మామ