ఇండియన్ ఎడిషన్ పుస్తకాలు, డీవీడీలు అమెరికా తెచ్చుకోవచ్చా?

ఎమ్మెస్‌కి వచ్చే పిల్లలు ప్రతి సీజన్‌లోనూ అడిగేదే ఇది. అట్ట మీద "ఇండియాలో మాత్రమే అమ్మకానికి" అని ఉంటుంది కదా అన్నా, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారా అని. టెన్షన్ పడకండి, సొంతానికి ఒక్కో పుస్తకం ఒక్కో కాపీ తెచ్చుకుంటే అమెరికా కాపీరైట్ చట్టం ముందునుంచీ ఏమీ అనదు.

చదివేశాక అమ్ముకోవచ్చా అన్నదే 2013 దాకా తేలలేదు. థాయ్‌లాండ్ నుంచి కార్నెల్‌కి చదువుకోవడానికొచ్చిన సుపాప్ కిర్ట్‌సాంగ్ థాయ్‌లాండ్‌లో చవగ్గా దొరికే టెక్స్ట్‌బుక్కులు ఇంటివాళ్లతో కొనిపించి, ఇక్కడికి తెప్పించుకుని ఈబేలో అమ్మాడు. పబ్లిషర్ వైలీ కేసు వేస్తే జ్యూరీ 6 లక్షల డాలర్లు కట్టమంది. చివరికి సుప్రీంకోర్టు 6-3తో అతని వైపే తీర్పిచ్చింది: సక్రమంగా అచ్చయిన కాపీ ఏ దేశంలో కొన్నా సరే, కొన్నాక అది నీది, అమ్ముకోవచ్చు. జిరాక్స్ కాపీలకు మాత్రం ఇది వర్తించదు, ఆ ఆలోచనే పెట్టుకోకండి.

డీవీడీల కథ వేరు. డిస్కు తెచ్చుకోవడం తప్పు కాదు, ఆడించడమే తంటా, ఎందుకంటే ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్‌లోనే ఆడేలా రీజియన్ కోడ్ పెడతారు, ఇండియాది రీజియన్ 5, అమెరికాది 1. బ్లూరేలో అయితే ఇండియా సీ, అమెరికా ఏ. వెనకాల 0 అనో ఆల్ అనో ఉందేమో ముందు చూసుకోండి, ఉంటే గొడవే లేదు. కంప్యూటర్ డ్రైవ్ అయితే రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తుంది. నేను ఇంటి డిస్కొకటి, లైబ్రరీ డిస్కొకటి మార్చి మార్చి పెడుతూ, ఇంకా ఎన్నిసార్లు మిగిలాయో చూపిస్తున్నా పట్టించుకోకుండా ఓకే నొక్కేసి, చివరికి 5 మీదే లాక్ చేసుకున్నాను. ఆ తాళం పగలగొట్టే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు, డీఎంసీఏ అనే 1998 నాటి అమెరికా చట్టం కాపీరైట్ ఉల్లంఘనతో సంబంధం లేకుండా తాళం పగలగొట్టడాన్నే విడిగా నిషేధించింది. ఇంకో పాత డ్రైవ్ కొని దాన్ని 5కే వదిలేయండి, అంతే. ఆస్ట్రేలియా వెళ్లినవాళ్లు అదృష్టవంతులు, అక్కడ సినిమాల రీజియన్ కోడ్‌ని రక్షణ తాళంగా లెక్కించకూడదని 2006లో చట్టంలోనే రాసేశారు.

స్ట్రీమింగ్‌లో మనం కొన్నదంటూ ఏదీ లేదు, చూడ్డానికి అనుమతి మాత్రమే, అదీ దేశాన్ని బట్టి. ఇండియా అకౌంట్‌ని వీపీఎన్‌తో (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే సాఫ్ట్‌వేర్) ఇక్కడ చూస్తే ఆ కంపెనీ షరతులు మీరినట్టే, అకౌంట్ ఆపేస్తే గట్టిగా అడగడానికి కూడా మన చేతిలో ఏమీ ఉండదు.